అంబుజాక్షి పేరు మీద దోసకాయల బిల్లు

మంగళవారం పొద్దున పదిన్నరకు నా ఫోనుకు కన్నడంలో ఒక మెసేజి వచ్చింది. రైతు సోదరి అంబుజాక్షి గారు సరఫరా చేసిన దోసకాయల బాబతు ఇరవై నాలుగు వేల మూడు వందల రూపాయలు ఆమె ఖాతాకు జమ అయ్యాయని, కంపెనీ ఆమెకు కృతజ్ఞతలు తెలుపుకుంటోందని అందులో ఉంది.

అంబుజాక్షి నా భార్య. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. ఇరవై నాలుగు వేల మూడు వందలు నా నెల జీతం.

మెసేజిని మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. రెండోసారి అంకె చూశాను. మూడోసారికి విషయం అర్థమై, చేతిలో ఉన్న తూకాల పుస్తకం బల్ల మీద పడేశాను. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. నేను పుస్తకాలు విసిరే మనిషిని కాను.

నేను బాగేపల్లి దగ్గర ఒక గెర్కిన్ కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజరుని. గెర్కిన్ అంటే వేలెడంత దోసకాయ. రైతులు పండిస్తారు, మేం కొని, సైజుల వారీగా ఏరించి, ఉప్పునీళ్ళ డ్రమ్ముల్లో వేసి బయటి దేశాలకు పంపుతాం. చిన్న కాయకే ఎక్కువ ధర. ఒక పూట కోయడం ఆలస్యమైతే బలిసిపోయి ధర సగానికి పడిపోతుంది. పదకొండేళ్ళుగా ఊరూరూ తిరిగి రైతులకు ఈ మాటే చెబుతున్నాను.

నాలుగేళ్ళ కిందట కాయలు చాలక ఎక్స్‌పోర్టు ఆర్డరు తప్పిపోయే పరిస్థితి వచ్చింది. సూపర్‌వైజర్లు ఒక్కొక్కరూ ఎట్లాగైనా అర ఎకరం పెట్టించి తీరాలని మేనేజరు హుకుం జారీ చేశాడు. స్టాఫు రైతులుగా ఉండకూడదన్నది కంపెనీ రూలు. అందుకని మేం ఆరుగురం మా భార్యల పేర్లు రైతుల పట్టీలో రాయించాం. పరగోడులో మా నాన్న వదిలిన ఇరవై గుంటల్లో అంబుజాక్షి రెండు పంటలు తీసింది. బండి ఎప్పుడొస్తుంది, మందు ఎప్పుడు కొట్టాలి అని వచ్చే మెసేజులు చూసుకోవలసింది మేమే కాబట్టి, ఫోను నంబరు దగ్గర ఆరుగురం మా నంబర్లే రాసిచ్చాం. అదేమంత తప్పుగా అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఈ జూలైలో చిక్కబళ్ళాపురం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేరు పెట్టారు. ఒక ఫోను నంబరుకు ఒకే మనిషి ఉంటాడని దాని నమ్మకం. ఆరుగురు సూపర్‌వైజర్లనూ ఆరుగురు మహిళా రైతులనూ కలిపేసి మొత్తం ఆరుగురిని చేసింది. వాళ్ళకు ఖాతా నంబర్లు మాత్రం రైతులవి ఉంచింది.

ఈ సంగతి నాకు చెప్పింది నాతోటి సూపర్‌వైజరు నాగరాజ్. అప్పటికే అతని మొహం మాడిపోయి ఉంది.

"నా సంబళం నా పెండ్లాం ఖాతాలో పడిండాది అయ్యోరా. పొద్దున్నించి ఫోన్ చేస్తాండాను, ఎత్తడంలే. మా వదినతో కలిసి చింతామణికి పోయిండాదంట."

"చింతామణికి ఎందుకు?"

"చీరలకు!"

ఏరుడు బల్ల దగ్గర నవ్వులు లేచాయి. ఆడవాళ్ళకు మేస్త్రి తిమ్మక్క చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని అంది. "ఏమప్పా నాగరాజూ, పదేండ్లలో నువ్వు ఒక్క నెలన్నా దాని చేతికి ఇచ్చింటే, అది ఇప్పుడు ఇంత గట్టిగా పట్టుకునేదా? కంపెనీ తప్పు చేయలే. నీకు చేతకానిది అది చేసింది."

"నువ్వూరుకో తిమ్మక్కా!"

"ఊరుకుంటాలే. దానికి మంచి రంగు దొరకనీ."

తరవాత ఆమె నా వైపు తిరిగింది. నవ్వు ఆగిపోయింది. అంబుజాక్షి పోయినప్పుడు పరగోడుదాకా వచ్చి, మూడు రోజులు మా వంటింటి గడపలో కూర్చున్న మనిషి ఆమె. "అయితే నీది యాడికి పోయె సామీ?" అంది మెల్లగా.

నేను ఫోను చూపించాను. తిమ్మక్కకు చదువు రాదు. అయినా తీసుకుని చూసి, కొంగుతో తెర తుడిచి తిరిగి ఇచ్చింది.

మామూలు నెలైతే ఎట్లాగో గడుపుకునేవాణ్ణి. ఈ నెల మామూలుది కాదు. మా అమ్మాయి గార్గికి కోలారులో తోటగారికె కాలేజీలో సర్కారు సీటు వచ్చింది. పండ్ల తోటలు, పూల తోటలు పెంచే చదువు. వాళ్ళమ్మ ఉండగానే కోరుకున్నది. మొదటి ఏడు శుల్కం ముప్పై ఆరు వేలు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. కట్టకపోతే సీటు తరవాతి వాళ్ళకు వెళ్ళిపోతుంది. ఆ మాట ఎర్రటి అక్షరాల్లో రాసి ఉంది. గార్గి ఖాతాలో పద్నాలుగు వేలు కూడబెట్టి ఉంచాం. మిగతాది ఈ జీతం.

అప్పు అడగవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అడగగలిగిన వాళ్ళందరినీ అంబుజాక్షి ఆస్పత్రి రోజుల్లోనే అడిగేశాను. వాళ్ళు ఇచ్చారు కూడా. ఇంకా తీరలేదు. వాళ్ళలో ఒక్కరూ తిరిగి ఇమ్మని గుమ్మం తొక్కలేదు. మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

బుధవారం సెలవు పెట్టి చిక్కబళ్ళాపురం ఆఫీసుకు వెళ్ళాను. జీతాలు చూసేది చేతన్. ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు, చెప్పే ప్రతి మాటకూ ముందు ఒకసారి కంప్యూటరు వైపు చూస్తాడు.

"మీ సంబళ ఆగలేదు సార్. పేయిడ్ అని పచ్చగా ఉండాది చూడండి."

"పచ్చగానే ఉండాదప్పా. నా ఖాతాకు రాలేదు."

"ఫ్యామిలీ ఖాతాకే కదా సార్ పోయిండాది. మిగతా నలుగురు ఇంట్లోనే అడ్జస్ట్ చేసుకున్నారు. ఒక్క నాగరాజ్ సార్ మాత్రం కంప్లైంట్ ఇచ్చినారు, అది మా డిపార్ట్‌మెంట్‌ది కాదన్నాం. మీరు మేడంకి చెప్పి ఒక ఫోన్‌పే చేయించుకోండి. రెండు నిమిషాలు."

"ఆమె లేదప్పా."

"ఊరికి పోయినారా?"

"చనిపోయింది. పోయిన ఏడు జూన్‌లో."

కీబోర్డు మీద అతని వేళ్ళు ఆగాయి. "సారీ సార్. నేను డిసెంబర్‌లో చేరినా. నాకు తెలీదు." నిజంగానే బాధపడ్డాడు. తరవాత అలవాటు కొద్దీ తెర వైపు చూశాడు. "కానీ సార్, ఈడ యాక్టివ్ అనే ఉండారే?"

నేనూ వంగి తెర చూశాను. అట్లాగే ఉంది.

ఆపైన గంటసేపు అతను నాకు చాలా విషయాలు వివరించాడు. జూలై జీతాల పట్టీకి తాళం పడిపోయింది. తాళం తీసే అధికారం బెంగళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్ళది. వాళ్ళకు టికెట్ పెట్టాలి, అంటే ఫిర్యాదు రాయాలి. రాస్తే నలభై ఎనిమిది గంటల్లో మీ ఫిర్యాదు అందిందని జవాబిస్తారు. డబ్బు మాత్రం సెప్టెంబరు ఏడున వచ్చే జీతంతో కలిపి ఇవ్వచ్చు.

"శుక్రవారం నాలుగు గంటలకు మా పాప సీటు పోతుందప్పా."

"అర్థమవుతాంది సార్." గొంతు తగ్గించాడు. "మేడం బ్యాంకుకు తెలుసునా? అంటే, పోయినారని?"

"చెప్పలేదు."

"అయితే ఇంకేం సార్. విత్‌డ్రాయల్ స్లిప్పు రాయండి. సహి మీరే వేసేయండి. ఆరోగ్యం బాగలేక రాలేదని చెప్పండి. అందరూ చేసేదే."

అది దుర్మార్గంగా చెప్పలేదు. దారి తప్పినవాడికి అడ్డదారి చూపించినట్టే చెప్పాడు. నేను లేచి వస్తుంటే క్యాంటీన్ కూపన్ ఒకటి చేతిలో పెట్టాడు. "తిని పోండి సార్, ఈపొద్దు ముద్దా బస్సారూ." తిన్నాను. రాగిముద్ద మెత్తగా ఉంది, చారు వేడిగా ఉంది. అంత కోపంలోనూ ఆకలి ఆకలిగానే ఉండటం నాకే చిత్రంగా తోచింది.

ఆ ఖాతా చింతామణిలో ఉంది. అంబుజాక్షి పుట్టిల్లు ఆ ఊరు. పెళ్ళికి ముందు అక్కడ కుట్టుబడి నేర్పేది. అప్పుడు తెరిచిన ఖాతా. మార్చుకోమని నేను ఎన్నిసార్లు చెప్పినా, "అది నా ఖాతె, ఆడే ఉండనీ" అనేది. ఆమె పోయాక అందులో పదకొండు వందల చిల్లర మిగిలింది. ఏటీఎం కార్డు గడువు అయిపోయింది. బ్యాంకుకు చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. పదకొండు వందలకు తొందరేముంది అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

గురువారం పొద్దునే చేలూరు మీదుగా పోయే బస్సెక్కాను. సీట్లన్నీ ఆడవాళ్ళతో నిండిపోయి ఉన్నాయి. కండక్టరు నా చేతిలో టికెట్ పెడుతూ, "ఆడోళ్ళకు టికెట్ లేదు, మగోళ్ళకు సీటు లేదు. అడిగితే నాకు నోరు లేదు. నిలబడు సార్" అన్నాడు. చింతామణిదాకా నిలబడ్డాను. చేలూరు దాటాక ఒక ముసలామె తన టమాటాల బుట్టను ఒళ్ళోకి లాక్కుని, అది ఉన్న జాగా నాకిచ్చింది. కాళ్ళు పెట్టుకోవడానికి.

బ్యాంకులో ఒక మూల బల్ల మీద స్లిప్పుల కట్ట ఉంది. ఒకటి తీసుకుని రాశాను. తేదీ, ఖాతా నంబరు, అంబుజాక్షి పేరు, ఇరవై నాలుగు వేల మూడు వందలు. సంతకం చేసే గీత దగ్గరికి వచ్చి ఆగాను.

చదివింది కన్నడ బడిలో అయినా ఆమె సహి తెలుగులోనే చేసేది. ఆస్పత్రికి డబ్బు తీయవలసి వచ్చినప్పుడల్లా స్లిప్పు నేను నింపితే ఆమె మంచం మీద కూర్చుని సహి చేసేది. చివరి రోజుల్లో చెయ్యి వణికి అక్షరాలు కిందికి జారేవి. ఆ జారడం కూడా నేను చేయగలను. ఎవరికీ అనుమానం రాదు. డబ్బు తీసుకుని పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోవచ్చు. సీటు నిలబడుతుంది. బ్యాంకుకు నిజం చెబితే ఖాతా కదలకుండా బిగించేస్తారు, ఆ మాత్రం నాకు తెలుసు.

పెన్ను గీత మీద ఆనించాను కూడా. దొరికిపోతానన్న భయం ఉంది, కాదనను. కానీ చెయ్యి ఆగింది భయానికి కాదు. ఆ గీత మీద సహి చేస్తే, ఆమె గురువారం పదిన్నరకు చింతామణి బ్యాంకుకు వచ్చి డబ్బు తీసుకుని వెళ్ళిందని నేను రాసినట్టు. ఆమె రాలేదు. రాగలిగి ఉంటే ఈ నెల ఇంత కష్టంగా ఉండేదే కాదు. స్లిప్పు చింపి జేబులో పెట్టుకుని, ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్ళి మరణ ప్రమాణ పత్రం ఆయన ముందు ఉంచాను.

ఆయన పేరు మంజునాథ అని బల్ల మీద రాసి ఉంది. యాభై దాటిన మనిషి. పత్రం చదివి నా వైపు కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"పోయిన ఏడు జూన్‌లో పోతే ఈ ఆగస్టులోనా సార్ చెప్పేది? ఇన్నాళ్ళూ ఏం చేస్తాంటిరి?"

"వంట చేస్తుంటిని సార్" అన్నాను. అది హాస్యం కాదు, నోటికి వచ్చిన నిజం. ఆయన ఇక ఆ ప్రశ్న అడగలేదు.

కంప్యూటరులో వెతికాడు. "నామినీ ఎవరంటే రామచంద్రయ్య, మేడం తండ్రి. ఆయన వచ్చి క్లెయిం వేస్తే రెండు వారాల్లో అయిపోతాది."

"ఆయన పోయి తొమ్మిదేళ్ళు సార్."

మంజునాథ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "బతికిండే వాళ్ళ పేరు ఒక్కటన్నా చెప్పండి సార్, పుణ్యముంటాది."

"నేనుండాను. మా పాప ఉండాది."

జరిగినదంతా చెప్పాను. సాఫ్ట్‌వేరు, ఫోను నంబరు, దోసకాయలు, సీటు. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. చివర నాగరాజ్ భార్య చీరల సంగతి విని మాత్రం, "చింతామణిలో యా అంగడికి పోయిండాది?" అన్నాడు. తరవాత కాసేపు ఆలోచించాడు.

"చూడండి సార్. ఖాతాదారు పోయిన తేదీ తరవాత వచ్చిన డబ్బు మేము ఉంచుకోకూడదు. పంపినోళ్ళకే వాపసు పంపొచ్చు. అర్జి రాసిచ్చినారంటే ఈపొద్దే పంపిస్తా. కానీ అది మీ కంపెనీకి పోతాది, మీకు కాదు. పంపినాక నా చేతిలో ఏమీ ఉండదు. బాగా ఆలోచించి చెప్పండి."

ఆలోచించడానికి ఇంకేముంది? ఇక్కడ ఉంటే డబ్బు కదలదు. అక్కడికి వెళితే చేతన్ ఉన్నాడు. కన్నడంలో అర్జి రాశాను. నా భార్య మరణించినదని తెలియజేసుకుంటున్నాను అన్న వాక్యం దగ్గర అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి. మంజునాథ అప్పటికే తెరిచిన టిఫిన్ డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, ఆ పని ముగించాకే భోజనానికి లేచాడు.

శుక్రవారం తొమ్మిదింటికి నేను మళ్ళీ చేతన్ ఎదురుగా ఉన్నాను. గార్గి బాగేపల్లి బస్టాండు దగ్గర సైబర్ అంగడిలో దరఖాస్తు తెరిచి పెట్టుకుని కూర్చుంది.

"రిటర్న్ వచ్చింది సార్! సూపర్!" అన్నాడు చేతన్.

"అయితే నాకు పంపించప్పా."

"అదేమంటే సార్, పేరోల్‌కు రాలేదు. పేమెంట్ యాడనుంచి పోతే ఆడికే వస్తాది. ఇది రైతుల బిల్లుల ఖాతా నుంచి పోయిండాది. దాన్ని నేను తాకేందుకు లేదు."

"ఎవరు తాకల్ల?"

"ఆడిట్‌వాళ్ళు చూసి, రైతుల ఖాతాలోంచి తీసి, సస్పెన్స్ ఖాతాలో పెట్టి, పేరోల్‌కు వేయల్ల. సెప్టెంబర్ ఏడుకు గ్యారంటీ సార్. నేను పర్సనల్‌గా చూసుకుంటా."

అప్పుడు అరిచాను. నేను అరిచి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. గొంతు వింతగా, ఎవరో వేరే మనిషిది లాగా వచ్చింది.

"తప్పు ఖాతాకు పంపించేటప్పుడు ఆడిట్ కావల్సిరాలేదా? తాళం తీసేదానికి బెంగళూరు, తాకేదానికి ఆడిట్, తప్పు చేసేదానికి మాత్రం ఎవరినీ అడగరా? మీ సిస్టంలో నా భార్య బతికుండాది, నేను లేను! మూడు దినాలుగా తిరుగుతాండాను. నాలుగు గంటలదాకా ఈడనే కూర్చుంటా. ఏం చేస్తావో చెయ్యి!"

పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చేతన్ బిక్కమొహం వేశాడు. "కూర్చోండి సార్. కానీ అది ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళ కుర్చీ. పదకొండింటికి ఒకరు వస్తాండారు."

"వస్తే చెప్పు, ఈడ చేరితే ఏమవుతాదో నేనే చెప్తా."

అద్దాల తలుపు తెరుచుకుంది. నలభై ఏళ్ళ ఒక ఆమె లోపలికి వచ్చింది. "ఎవరు చేతన్, అయ్యోరిని అరిపిస్తాండేది?"

మొహం తెలియదు కానీ గొంతు తెలుసు. రైతుల బిల్లుల విభాగంలో వీణ. జంగమకోటె నుంచి రోజూ వస్తుంది. ఏడేళ్ళుగా ప్రతి సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చేసి ఆ రోజు తూకాలు చెప్పించుకునేది ఆమే. రెండు వేల రోజుల్లో మేం మాట్లాడుకున్నదంతా కిలోలు, గ్రేడులు. ఒక్క రోజు మాత్రం, పోయిన ఏడు జూన్‌లో, "తూకాలు రేపు చెప్పండి సార్, పర్వాలేదు" అని పెట్టేసింది.

చేతన్ చెప్పిందంతా విని ఆమె నన్ను తన బల్ల దగ్గరికి తీసుకుపోయింది. చేతన్ వెనకాలే వచ్చాడు.

"సంబళ అని అడిగితే సెప్టెంబరే సార్. ఆ సెక్షన్‌లో ఒక మనిషి కోసం ఎవరూ పరిగెత్తరు. రైతు బిల్లు అంటే వేరే. రైతుకు ఒక్క పూట డబ్బు ఆలస్యమైతే మరుసటి దినం కాయ ఇంకో కంపెనీ బండి ఎక్కుతాది. అందుకని నా సెక్షన్‌లో అన్నీ అదే దినం అయ్యేటట్లు పెట్టినారు. రైతు పోతే కూడా."

"పోతే కూడానా?"

"రైతు పోతే ఇంట్లోవాళ్ళు ఏడుస్తాంటారు, కాయ ఏడుస్తా కూర్చోదు కద సార్. బలిసిపోతాంటాది. అందుకని రైతు మరణం అని ఒక ఆప్షన్ ఉండాది. ప్రమాణ పత్రం, వారసుదారు పేరు, ఖాతా. మేనేజర్ ఓకే అంటే నిలిచిన బిల్లు అప్పుడే పోతాది. వారసుదారు ఎవరు?"

"నేనే."

"మీ నంబరు కొడితే మళ్ళీ స్టాఫ్ అంటాది. పాపనే వారసుదారుగా పెడదాం, ఖాతా కూడా ఆమెదే. పాపకు వేరే ఫోన్ ఉండాదా?"

ఉంది. పాతది, గాజు పగిలింది, కానీ నంబరు వేరే.

"మేడం, ఇది సంబళ. దోసకాయల బిల్లు కాదు" అన్నాడు చేతన్.

"దోసకాయల బిల్లు అని పంపించింది నీ సిస్టమే కదప్పా. ఇప్పుడు అబద్ధమంటే ఎట్ల? మేనేజర్‌కు ఉన్నదున్నట్లు మెయిల్ రాస్తాండాను, జీతమే అని. ఆయన ఒప్పుకుంటే నీకేం నొప్పి?"

చేతన్ తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాల తరవాత వచ్చి, జీతమే అని తాను కూడా ఆ మెయిల్ కింద రాశానని చెప్పాడు.

పదకొండున్నరకు అంతా సిద్ధం. మేనేజరు ఫోనుకు వచ్చే అంకెలు చెబితే చాలు. మేనేజరు మాత్రం పాతపాళ్యం వైపు పొలాల్లో ఉన్నాడు, ఫోను అందదు. పన్నెండైంది. ఒకటైంది. వీణ తన డబ్బాలోంచి రెండు చపాతీలు మూత మీద పెట్టి నా వైపు జరిపింది. అటు గార్గి నుంచి మెసేజులు. "అప్పా, ఇంకా రాలేదు." "అప్పా, అంగడాయన గంటకు ముప్పై అంటాండాడు, కూర్చునేదా?" కూర్చోమన్నాను.

చివరకు ప్లాంటుకు ఫోన్ చేస్తే తిమ్మక్క ఎత్తింది. సంగతి చెప్పాను. "మేనేజరా? కాయల బండి డ్రైవరు ఆదెప్ప ఆ దిక్కే పోయిండాడు సామీ. వానికి చెప్తా. ఆయన యాడున్నా బండ్లో ఎక్కించి సిగ్నల్ ఉండే చోటికి తెచ్చి నిలబెడతాడు." రెండు ముప్పావుకు మేనేజరే ఫోన్ చేశాడు. "ఏమప్పా శ్రీధరా, నన్ను దోసకాయల మీద కూర్చోబెట్టి తెప్పించినారు!" అని తిట్టి, ఆరు అంకెలు చెప్పాడు. "నాక్కూడా ఆ సాఫ్ట్‌వేరు పనికి రాదని ముందే తెలుసు" అని కూడా అన్నాడు. తెలిసి ఏం చేశాడో నేను అడగలేదు.

వీణ బటన్ నొక్కింది. తెర మీద పచ్చ గుర్తు. అంతలోనే ఆమె నుదురు కొట్టుకుంది. "అయ్యో, విత్తనాల బాకీ పద్దెనిమిది వందల అరవై కట్ అయిపోయింది సార్. రెండో పంటది."

"అది అప్పుడే కట్టేసినానమ్మా. రసీదు ఇంట్లో ఉండాది."

"సోమవారం తెండి. ఇది నా చేతుల్లో లేదు." మొహం చిన్నబుచ్చుకుని చెప్పింది, ఆ డబ్బు తనే తీసుకున్నట్టు. నేను లెక్క చూసుకున్నాను. ఇరవై రెండు వేల నాలుగు వందల నలభై, పైన పద్నాలుగు వేలు. శుల్కం పోగా నాలుగు వందల నలభై మిగులుతాయి, ఇంకా మూడు వారాల ఆగస్టుకు. అయినా సరిపోయింది. "సరిపోతుందమ్మా" అన్నాను. ఆమెకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియక, "ఆరింటికి తూకాలు చెప్తాను" అన్నాను.

"ఈపొద్దు మీరు సెలవు సార్" అంది.

బస్టాండుకు నడుస్తుంటే ఫోను మోగింది. గార్గి అనుకుని గబగబా ఎత్తాను. చేతన్.

"సార్, ఒక చిన్న విషయం. ఇప్పుడే సిస్టంలో వచ్చింది. స్టాఫ్ కుటుంబంవాళ్ళు రైతుల పట్టీలో ఉండకూడదు కదా, పాప పేరు ఇప్పుడు ఆడ ఉండాది. మీరు ఎక్స్‌ప్లనేషన్ ఇయ్యల్లంట. సోమవారం లోపల."

నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనక నుంచి ఆటోవాడు హారను కొట్టాడు.

"రాస్తానప్పా. కన్నడంలో రాయాల్నా, తెలుగులో రాయాల్నా?"

"ఇంగ్లీషులో అయితే బాగుంటాది సార్."

"సరే."

"సార్, సీటు?"

"ఇంకా తెలీదు."

"తెలిస్తే ఒక మెసేజ్ వేయండి సార్" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

మూడు ముప్పై ఎనిమిది. బాగేపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను ఎక్కలేదు. లోపల మోటారు చప్పుడుకు ఫోను వినపడదేమోనని. బస్సు వెళ్ళిపోయింది. పూలమూటలు దించుకుంటున్న హమాలీలకు అడ్డం కాకుండా ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. మూడు నలభై ఐదుకు నేనే చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. బిజీ. మూడు యాభై రెండుకు మోగింది.

"అప్పా?"

"చెప్పమ్మా."

"రెండుసార్లు పేజీ తిరుగుతా తిరుగుతా నిలిచిపోయింది. మూడోసారి పోయింది. శుల్కం పావతి అని రసీదు వచ్చిండాది. ప్రింట్ తీసినా."

"మళ్ళీ చూడు. నీ పేరే కదా?"

"నా పేరే. నంబరు చూసినా, తేదీ చూసినా, కాలేజీ చూసినా. అంగడాయన కూడా చూసినాడు. అయిపోయింది అప్పా."

నేను స్తంభానికి ఆనుకున్నాను.  ఆమె వైపు నుంచి ప్రింటరు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అప్పా, ఉండావా?"

"ఉండాను."

"పొద్దున్నించి ఏమీ తినలే. ఈడ బేకరీలో ఆలూ బన్ను ఇరవై అంటాండాడు, ఉత్త బన్ను పది. పదిది తిందునా?"

"ఇరవైది తిను" అన్నాను.